కాలువ గట్టున రాజ్యాంగం: అనకాపల్లి జిల్లా కూల్చివేతల్లో ఆస్తి హక్కు

2022 జూన్ 19, ఆదివారం. తెల్లవారకముందే నర్సీపట్నంలో మాజీ మంత్రి చింతకాయల అయ్యన్నపాత్రుడి ఇంటి ప్రహరీని మున్సిపల్ సిబ్బంది జేసీబీతో కూల్చడం మొదలుపెట్టారు. నీటిపారుదల కాలువ స్థలాన్ని ఆక్రమించి గోడ కట్టారన్నది ఆరోపణ. కుటుంబం అత్యవసరంగా హైకోర్టు తలుపు తట్టింది, స్టే వచ్చింది. ఆ స్థలం ఎవరిదన్న వివాదంలోకి ఈ వ్యాసం వెళ్లదు. అది తేలకముందే యంత్రం ఎందుకు వచ్చిందన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇది ఒక పార్టీకి పరిమితమైన అలవాటు కాదు. 2020 అక్టోబరు 3న అనకాపల్లి మాజీ ఎంపీ సబ్బం హరి విశాఖ ఇంటి వద్ద కూల్చివేత జరిగింది. అది శనివారం. అప్పటి వైసీపీ ప్రభుత్వం మారాక 2024 జూన్ 22న తాడేపల్లిలో నిర్మాణంలో ఉన్న ఆ పార్టీ కార్యాలయాన్ని కూల్చారు. అదీ శనివారమే, అదీ వేకువనే. తరవాత అనకాపల్లితో సహా పలు జిల్లాల్లోని ఆ పార్టీ భవనాలకు నోటీసులు వెళ్లాయి. చట్టం చెప్పిన పద్ధతి పాటించాకే ముందుకు వెళ్లాలని హైకోర్టు ఆ జూలైలో చెప్పవలసి వచ్చింది.

చట్టంలో పద్ధతి లేకపోలేదు. అనకాపల్లి పట్టణం 2013లో విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసింది కనుక అక్కడ 1955 నాటి కార్పొరేషన్ల చట్టంలోని 452, 636 సెక్షన్లు వర్తిస్తాయి. నర్సీపట్నం, యలమంచిలి పట్టణాలకు 1965 నాటి మున్సిపాలిటీల చట్టం, 228వ సెక్షన్. సెక్షన్లు వేరైనా క్రమం ఒకటే: నోటీసు, యజమాని సంజాయిషీ, దాన్ని పరిశీలించి ఉత్తర్వు, ఆ తరవాతే కూల్చివేత.

ప్లాను లేకుండా కట్టినవాడికి హక్కేమిటన్న ప్రశ్నకు జవాబు చాలా పాతది. 1863లో ఇంగ్లండులో కూపర్ అనే బిల్డర్ ముందస్తు సమాచారం ఇవ్వలేదంటూ, అతను కడుతున్న ఇంటిని స్థానిక బోర్డు కూల్చేసింది. విచారణ జరపాలని చట్టంలో రాసి లేకపోయినా, అతని మాట వినకుండా కూల్చడం చెల్లదని కోర్టు తేల్చింది. తప్పు చేసినవాడికీ తన మాట చెప్పుకునే హక్కు ఉంటుంది. అసలు తప్పు ఉందో లేదో తేలేది ఆ మాట విన్నాకే.

మన రాజ్యాంగంలో ఆస్తి హక్కు కొంత కుంచించుకుపోయింది. 1978 నాటి 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల నుంచి తప్పించి 300ఎ అధికరణంలో ఉంచింది. చట్టబద్ధ అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ హరించరాదని ఆ అధికరణం చెబుతుంది. ఆ ఒక్క వాక్యంలో ఎంత ఇమిడి ఉందో 2024 మే నెలలో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు విప్పి చెప్పింది. ముందుగా తెలియజేయడం, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం ఇవ్వడం అందులోని భాగాలేనంది. అది భూమి స్వాధీనానికి సంబంధించిన కేసు. ఇల్లే కూలిపోయేచోట ఈ మూడూ ఇంకా ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. అక్కడ తరవాత సరిదిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ ఇచ్చిన తీర్పు ఈ దారిలో పెద్ద అడుగు. కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. స్థానిక చట్టం ఎక్కువ గడువిస్తే ఆ గడువే వర్తిస్తుంది. తుది ఉత్తర్వు తరవాత మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. ఉల్లంఘించిన అధికారులు సొంత డబ్బుతో నష్టం పూడ్చాలి. కానీ రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, నది, జలవనరులు వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవని అదే తీర్పు మినహాయింపునిచ్చింది.

చిక్కంతా ఇక్కడే. నర్సీపట్నంలో ఆరోపణ కాలువ స్థలమనే కదా! కాలువ, డొంక, చెరువు గర్భం, రోడ్డు మార్జిన్: మన ఊళ్లలో హద్దుల తగాదాలు ఎక్కువగా వచ్చేవి వీటి పక్కనే. స్థలం పోరంబోకని అధికారి ఒక్క మాట రాస్తే రెండు గడువులూ ఎగిరిపోతే, ఆ తీర్పు చాలామంది యజమానులకు అక్కరకు రాదు. ఏ స్థలం పోరంబోకో తేల్చడమే అసలు వివాదమైనప్పుడు, దాన్ని ముందే తేలిన విషయంగా పట్టుకోవడం న్యాయం కాదు.

దీనికి మందు మన దగ్గరే ఉంది. హైదరాబాదు హబ్సీగూడ భూముల విషయంలో తలెత్తిన తుమ్మల కృష్ణారావు కేసులో 1982లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: హక్కుపై నిజమైన వివాదం ఉన్నప్పుడు 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద హడావుడిగా ఖాళీ చేయించకూడదు, ప్రభుత్వం సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఆ చట్టం 7వ సెక్షన్ కూడా ముందు నోటీసు ఇమ్మంటుంది. 2024 నాటి మినహాయింపును ఈ తీర్పుతో కలిపి చదవాలి. నిర్వివాదంగా రోడ్డు మధ్యలో లేచిన గోడకే అది వర్తించాలి, హద్దు తేలని కాలువ గట్టుకు కాదు.

ఇదంతా అక్రమ కట్టడాలకు వత్తాసు కాదు. శారదా నది పక్కన బతికే అనకాపల్లికి నీటిదారులు మూసుకుపోతే ఏమవుతుందో తెలుసు. ఎన్నేళ్లు గడిచినా అక్రమం సక్రమం కాబోదని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. 2007, 2015, 2019 ఏళ్లలో వచ్చిన క్రమబద్ధీకరణ పథకాలు మాత్రం జనానికి మరో పాఠం నేర్పాయి: ముందు కట్టు, తరవాత రుసుము కట్టు. యజమానిని ఇలా అలవాటుపరిచిన ప్రభుత్వమే ఒక వేకువన నోటీసు గడువు కూడా ఇవ్వకుండా యంత్రం పంపడం నాకు మింగుడుపడదు.

పేరున్న నాయకుడికి సెలవు రోజున కూడా న్యాయవాది దొరుకుతాడు, స్టే దొరుకుతుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలాసీగా పనిచేస్తూ రెండు సెంట్లలో ఇల్లు కట్టుకున్నవాడికి అమరావతిలోని హైకోర్టు 300 కిలోమీటర్లకు పైగా దూరం. అతనికి రాజ్యాంగ రక్షణ అంటే నోటీసుకూ జేసీబీకీ నడుమ ఉన్న రోజులే. అందుకే రెండు మార్పులు కోరుతున్నాను. బహిరంగ స్థలమన్న ఆరోపణ ఉంటే యజమాని సమక్షంలో జాయింట్ సర్వే జరిపి, ఆ పటాన్ని నోటీసుకు జతచేయాలి. కోర్టు సెలవు దినాల్లో, సూర్యోదయానికి ముందు కూల్చివేతలు నిషేధించాలి. రెంటికీ శాసనసభ దాకా వెళ్లనక్కరలేదు. పురపాలక శాఖ సర్క్యులర్ ఇస్తే రేపటి నుంచే అమలవుతాయి.