నీవా వరదలో బెదిరిన కుక్కలు

1924 సెప్టెంబర్ 23న సముద్రం నుంచి ఎగదన్నిన నీటితో నీవా నది లెనిన్‌గ్రాడ్ వీధుల్లోకి పొంగింది. నీటిమట్టం మామూలు కన్నా మూడున్నర మీటర్లకు పైగా లేచింది. ప్రయోగాత్మక వైద్య సంస్థ ఆవరణలో ఇవాన్ పావ్లోవ్ పెంచుతున్న కుక్కల కొట్టాల్లోకీ నీళ్లు వచ్చాయి. పనివాళ్లు వాటిని చిన్న చిన్న గుంపులుగా ఈదించుకుంటూ ప్రయోగశాల భవనానికి చేర్చారు. ఈదురుగాలి, అలల హోరు, చెట్లు విరిగిపడే చప్పుడు. మామూలు రోజుల్లో ఎదురుపడితే కలబడే కుక్కలు ఆ పూట ఒకేచోట కిక్కిరిసి ఉండి కూడా కిక్కురుమనలేదు.

నీళ్లు తీసిపోయాయి. చాలా కుక్కలు మామూలుగా తిరగసాగాయి. కొన్ని మాత్రం మారిపోయాయి. ఆ మార్పు కంటికి ఆనేది కాదు. పట్టించింది ప్రయోగశాల లెక్కల పుస్తకం.

మనకు పావ్లోవ్ అంటే బడి పుస్తకంలోని గంట, కుక్క నోట్లో ఊరే లాలాజలం. 1904లో జీర్ణక్రియ పరిశోధనకు నోబెల్ బహుమతి అందుకున్న ఆయన, ఆ తర్వాత మూడు దశాబ్దాలు కుక్క మనసును చుక్కల్లో కొలిచాడు. ఏ రోజు, ఏ సంకేతానికి, ఎన్ని సెకన్లకు, ఎన్ని చుక్కలు ఊరాయో ప్రతి పూటా రాయాల్సిందే. అందుకే వరద దాటాక ఒక కుక్క అంకెలు ఒక్కసారిగా దాదాపు సున్నాకు చేరేసరికి, దాన్ని చూసుకునే అలెక్సీ స్పెరాన్‌స్కీ ఉలిక్కిపడ్డాడు. అంతకుముందు నేర్పిన సంకేతాలకు స్పందన దాదాపు లేదు. ఎదురుగా పెట్టిన తిండినీ అది ముట్టలేదు.

అప్పటి పద్ధతిలో కుక్క ఒక గదిలో ఉంటే మనిషి పక్క గదిలోంచి గమనించేవాడు. స్పెరాన్‌స్కీ ఆ నియమం పక్కన పెట్టి కుక్క దగ్గరే కూర్చున్నాడు. స్పందనలు తిరిగి వచ్చాయి. ఆయన లేచి బయటికి వస్తే మళ్లీ పోయాయి. చివరికి ఆయన బట్టలు కొన్ని కుక్కకు కనబడకుండా గదిలో ఉంచినా సరిపోయింది. ఆ వాసనే దానికి ధైర్యం. కుక్క కోలుకున్నాక, తలుపు కింద నుంచి సన్నటి నీటి ధార గదిలోకి వదిలారు. కుక్క దిగ్గున లేచింది, నేలకేసి బెదురుగా చూస్తూ రొప్పింది, తనను నిలబెట్టిన స్టాండు మీద నుంచి దిగిపోవాలని పెనుగులాడింది. సంపాదించుకున్నదంతా మళ్లీ పోయింది.

బెదురు పుట్టడానికి వరదే రానక్కర్లేదని ఆ ప్రయోగశాలకు అంతకుముందే తెలుసు. షెంగర్ క్రెస్తోవ్నికోవా అనే పరిశోధకురాలు ఒక కుక్కకు వృత్తం కనిపిస్తే తిండి, అండాకారం కనిపిస్తే ఏమీ లేదు అని నేర్పింది. తర్వాత అండాకారాన్ని కొంచెం కొంచెం గుండ్రంగా చేస్తూ పోయింది. నిడివి, వెడల్పు 9:8 నిష్పత్తికి వచ్చేసరికి, అన్నాళ్లూ నెమ్మదిగా నిలబడ్డ కుక్క కీచుమంటూ గింజుకుంది, ఒంటికి తగిలించిన పరికరాన్ని పళ్లతో పీకేసింది. మొదట్లో ఇట్టే పోల్చుకున్న కోల అండాకారాన్నీ పోల్చుకోలేకపోయింది. మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టారు. ఈసారి రెట్టింపు కాలం పట్టింది గానీ కుక్క నెమ్మదించింది. మళ్లీ 9:8 దాకా వచ్చేసరికి పాత కథే.

అంతకు కొన్నేళ్ల ముందు, జర్మనీలో కాన్రాడ్ మోస్ట్ 1910లో అచ్చువేసిన శిక్షణ గ్రంథం బెత్తాన్నీ ముళ్ల పట్టీనీ సాధనాలుగా చెప్పింది. పోలీసు, సైన్యపు కుక్కల శిక్షణ మీద ఆ పుస్తకం చాలాకాలం పెత్తనం చేసింది. పావ్లోవ్ ప్రయోగశాలలోనూ కుక్కలకు సుఖం లేదు. చెంపకు రంధ్రం చేసి గొట్టం అమర్చడం, పట్టీలతో బిగించడం అక్కడ రోజువారీ పని. ఈ జ్ఞానానికి మూల్యం చెల్లించింది ఆ మూగజీవులే. ఆ మాట దాటేసి వాటి చరిత్ర రాయడం అన్యాయం.

ఆ పట్టీలను భరించలేని కుక్క కూడా ఒకటి ఉండేది. బయట ఎంతో సాధువు. స్టాండు ఎక్కించగానే గింజుకునేది, చొంగ కార్చేది. పావ్లోవ్, ఆయన సహచరుడు గుబెర్‌గ్రిట్స్ దానికి తిండి ఇక స్టాండు మీదే పెట్టారు. మొదట్లో అది సరిగా తినక చిక్కిపోయింది, మెల్లగా మొత్తం తినసాగింది, పెనుగులాట రోజురోజుకూ తగ్గింది. హుషారు కుక్కలది మరో వింత. నిద్రపోవని నమ్మి చురుకైన వాటినే ఎంచుకుంటే, ఏ మార్పూ లేని ఆ గదిలో అవే ముందుగా కునికాయి. వాటికి కావలసింది విసుగు పుట్టించని పని అని అక్కడివాళ్లకు అర్థమైంది.

కొన్ని కుక్కలు పుట్టుకతోనే పిరికివని పావ్లోవ్ చాలాకాలం అనుకున్నాడు. ఆయన శిష్యులు విర్జికోవ్‌స్కీ, మాయొరోవ్ ఒకే ఈత కూనల్లో సగాన్ని స్వేచ్ఛగా, సగాన్ని బోనుల్లో పెంచారు. బోనులో పెరిగినవి పెద్దయ్యాక కూడా ప్రతి కొత్త చప్పుడుకూ నేలకు అతుక్కుపోయేవి. 1933లో వెలువడిన ఆ ఫలితాలతో, పిరికితనంలో పెంపకం వాటా ఎంతో బయటపడింది.

వృత్తం, అండాకారాల కుక్కతో చేసినట్టు మెట్టు దిగి మళ్లీ ఎక్కించే పద్ధతి వైద్యంగా మారడానికి సమయం పట్టింది. మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే పిల్లుల మీద ప్రయోగాలు చేసి, దాన్ని మనుషుల భయాలకు మలిచి 1958లో పుస్తకంగా తెచ్చాడు. 1974లో ట్యూబర్, హోథర్సాల్, వోయిత్ అనే అమెరికన్ పరిశోధకులు దాన్ని తిరిగి కుక్కల దగ్గరికే చేర్చారు. ఉరుముకు వణికే కుక్కకు రికార్డు చేసిన ఉరుమును వినీవినబడనంత సన్నగా వినిపిస్తూ, తింటూ నెమ్మదిగా ఉంటేనే శబ్దం ఒక గీత పెంచారు. బెదిరితే తగ్గించారు.

దీపావళి టపాసులకు మంచం కింద దూరే కుక్కలకు మన ఊళ్లలోనూ ఈ పద్ధతే పనికొస్తుంది. పండగ వారంలో మొదలుపెడితే లాభం లేదు, నెలల ముందే పూనుకోవాలి. ఎంత శబ్దం పెట్టారు, చెవులు వెనక్కి వాల్చిందా, తిండి ముట్టిందా, ఎంతసేపటికి పడుకుంది అన్నవి ఏ పూటకు ఆ పూట రాసుకోవాలి.