దక్కన్ బసాల్టు

దక్కన్ బసాల్టు సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుండి వెలువడిన లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లని అగ్నిశిల. ఇది మహారాష్ట్రలో అత్యధికంగానూ, తెలంగాణలోని ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాలలో కొంతమేరకూ కనిపిస్తుంది.

భౌతిక లక్షణాలు

ప్రతి లావా పొరలో మధ్యభాగం గట్టిగా ఉంటుంది. పైభాగంలో వాయువులు వెలువడుట వలన ఏర్పడిన రంధ్రాలు ఉంటాయి. గట్టి బసాల్టు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.8 నుండి 3.0 గ్రాములు. రంధ్రాలు పెరిగిన కొద్దీ సాంద్రత, దృఢత్వం తగ్గుతాయి.

భూకంప తరంగాల వేగం

గట్టి బసాల్టులో ప్రాథమిక తరంగాలు (పి-తరంగాలు) సెకనుకు సుమారు 5 నుండి 6 కిలోమీటర్ల వేగంతో పయనిస్తాయి. గుల్ల పొరలలో ఈ వేగం తక్కువ. ఈ రెండు రకాల పొరలు ఒకదానిపై ఒకటి ఉండుట వలన తరంగాలు చెదిరిపోతాయి. అందువలన బసాల్టు కింద ఏ శిలలున్నాయో కేవలం ఈ తరంగాల ద్వారా తెలుసుకొనుట కష్టం.

కోయనా ప్రాంతం

మహారాష్ట్రలోని కోయనా జలాశయం వద్ద 1967 డిసెంబరు 11న సంభవించిన భూకంపంలో సుమారు 180 మంది మరణించారు. అనంతర కాలంలో అక్కడ తవ్విన లోతైన బోరుబావులలో బసాల్టు కింద అవక్షేప శిలలు లేవనీ, నేరుగా గ్రానైటు, నీస్ శిలలే ఉన్నాయనీ తేలింది. అక్కడి భూకంపాలు ప్రధానంగా ఈ పునాది శిలలలోనే పుడుతున్నాయి.