పెనుకొండ వంటింటికి రెండు కుక్కర్లు

విజిల్ వేసే కుక్కర్ బెంగళూరులో తయారై వచ్చింది. మీట నొక్కితే దానంతటదే వండే కుక్కర్ కొరియా ఇళ్లలో రోజూ అన్నం వండుతోంది. రాయలసీమ ఇంటికి ఈ రెండోది అవసరమా? జవాబు వెతకాలంటే మూడున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లిరావాలి.

బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పెనుకొండకు బయటివాళ్లు రావడం కొత్తేమీ కాదు. 1565లో రక్కసి-తంగడి యుద్ధంలో ఓడిన విజయనగరం తన రాజధానిని ఈ కొండ కిందికే తెచ్చుకుంది. నాలుగున్నర శతాబ్దాల తర్వాత, 2017 ఏప్రిల్‌లో కియా మోటార్స్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఎర్రమంచి దగ్గర సుమారు 536 ఎకరాల్లో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం లేచింది. 2019 డిసెంబర్ 5న దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. కొరియా ఇంజినీర్లు వచ్చారు. వాళ్ల కోసం కొరియా భోజనశాలలు, బసలు, కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి.

కొరియా వంటగదిలో తప్పనిసరిగా కనిపించే వస్తువు కరెంటు ప్రెషర్ కుక్కర్. బియ్యం, నీళ్లు పోసి మీట నొక్కితే వండి, ఆపి, వేడిగా ఉంచే దాకా అన్నీ అదే చూసుకుంటుంది. అలాంటి కుక్కర్లే ఇప్పుడు మన కంపెనీల పేర్లతోనూ అమ్ముతున్నారు. హిందూపురం, ధర్మవరం ఇళ్లలో కూడా కొందామా వద్దా అనే మాట నడుస్తోంది. ధర మామూలు కుక్కర్‌కు రెండు మూడు రెట్లు. ఆలోచించి తేల్చుకోవాల్సిన ఖర్చే.

ఎముకలను మెత్తబరిచిన పాత్ర

ఒత్తిడితో వండటం కనిపెట్టినవాడు డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. లండన్‌లో రాబర్ట్ బాయిల్ దగ్గర పనిచేసిన ఆయన, 1679లో బిగుతు మూత ఉన్న ఇనుప పాత్రను రాయల్ సొసైటీకి చూపించాడు. 1681లో దాని మీద పుస్తకం రాశాడు. ఆవిరి బయటికి పోకుండా బంధిస్తే పాత్రలో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగకుండా ఇంకా వేడెక్కుతాయి. ఆ వేడికి గట్టి ఎముక కూడా లొంగుతుంది. పాత్ర పగిలిపోకుండా మూత మీద బరువుతో నొక్కిపెట్టిన కవాటాన్ని అమర్చినవాడూ పాపినే. మన కుక్కర్ మీది వెయిట్‌కు మూలపురుషుడు ఆ కవాటమే.

1682 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ సభ్యులకు ఆ పాత్రలో వండిన విందు జరిగింది. విందుకు వెళ్లిన జాన్ ఎవెలిన్ తన డైరీలో గొడ్డుమాంసపు ఎముకలు ఎంత మెత్తబడ్డాయో రాసుకున్నాడు. దానికి పట్టిన బొగ్గు 8 ఔన్సుల లోపే, అంటే పావుకిలో కూడా కాదని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాడు. పారేసే ఎముకల నుంచి పేదవాడికి ఆహారం తీయాలన్నది పాపిన్ ఆశ. తక్కువ ఇంధనంతో ఎక్కువ తిండి అన్న ఆలోచన ఈ పాత్రతో పాటే పుట్టింది.

బెంగళూరు విజిల్

మన దేశంలో కుక్కర్ అన్న మాటను ముందుగా వాడుకలోకి తెచ్చినవి ఒత్తిడి లేని ఆవిరి పాత్రలు. 1910లో కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ రూపొందించిన ఇక్మిక్ కుక్కర్ వాటిలో పేరుపొందింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన గిన్నెలు, అడుగున బొగ్గు కుంపటి. అన్నం, పప్పు, కూర నెమ్మదిగా ఒకేసారి ఉడికేవి. దగ్గర ఎవరూ కూర్చోనక్కర్లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

1959 మన వంటింటి చరిత్రలో పెద్ద సంవత్సరం. ఆ ఏడాది బొంబాయిలో హెచ్.డి. వాసుదేవ బ్రిటన్ హాకిన్స్ సంస్థ సాంకేతిక సహకారంతో కంపెనీ పెట్టారు. అదే ఏడాది బెంగళూరులో టి.టి.కె. గ్రూపు బ్రిటన్ ప్రెస్టీజ్ సంస్థ సహకారంతో కుక్కర్ల తయారీ మొదలుపెట్టింది. ఆ గ్రూపును 1928లో స్థాపించిన టి.టి. కృష్ణమాచారి తర్వాత కేంద్ర ఆర్థిక మంత్రి కూడా అయ్యారు. అలా విదేశీ వస్తువు పెనుకొండకు పక్క ఊరి వస్తువైంది.

భయం మాత్రం చాలాకాలం పోలేదు. మార్కెట్లో దొరికే నకిలీ సేఫ్టీ ప్లగ్గు వేసుకుంటే, ఆవిరి దారి మూసుకుపోయినప్పుడు అది కరగాల్సిన వేళ కరగదు. కుక్కర్ పేలుతుంది. దీనికి ప్రెస్టీజ్ కనిపెట్టిన ఉపాయం మూత అంచులో చిన్న సందు. ఒత్తిడి హద్దు దాటితే గాస్కెట్ ఆ సందులోంచి బయటికి తన్నుకొచ్చి ఆవిరిని వదిలేస్తుంది. ఆ తర్వాత ప్రభుత్వమూ కట్టుదిట్టం చేసింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.

పెనుకొండ ప్రాంతానికి ఈ పాత్ర ఎంత సాయం చేసిందో చెప్పాలంటే ఇక్కడి తిండిని చూడాలి. వాన తక్కువ నేల. రాగులు, కొర్రలు, జొన్నలు, ఉలవలు, అనుములు, అలసందలు, కందులు, చెనిక్కాయలు పండిన చోటు. చాలావరకు మొండిగా ఉడికే గింజలే. పైగా ఇది ఎత్తు ప్రదేశం. సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. సుమారు 620 మీటర్ల ఎత్తున్న హిందూపురంలో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. మూత లేని సట్టిలో కందిబ్యాళ్లు ముప్పావు గంట దాకా తీసుకుంటే, 121 డిగ్రీల దాకా వెళ్లే కుక్కర్లో పావుగంటలో మెత్తబడతాయి. కట్టెలు ఏరుకొచ్చుకున్న చేతులకు ఆ అరగంట మిగలడం అంటే అరగంట పొగ తప్పినట్టు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం మొదలై, డ్వాక్రా మహిళల ఇళ్లకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాక ఆ కుక్కర్‌కు సరైన పొయ్యి దొరికింది.

మీట వెనక కథ

కరెంటు కుక్కర్ ఇంకో దారిలో పెరిగింది. 1955లో జపాన్ తోషిబా కంపెనీ తొలి ఆటోమేటిక్ రైస్ కుక్కర్‌ను మార్కెట్లో పెట్టింది. తెల్లవారకముందే లేచి కుంపటి ముందు కూర్చునే పని జపాన్ ఇల్లాలికి తప్పింది. కొరియా వాళ్లకు ఆ కుక్కర్ల మీద ఎంత మోజు పుట్టిందంటే, 1980లలో జపాన్ వెళ్లినవాళ్లు ఏనుగు గుర్తు రైస్ కుక్కర్లు మోసుకొచ్చేవారు. 1983లో దాని మీద కొరియా పత్రికల్లో దుమారమే రేగింది. మన దేశంలో ఇంత మంచి కుక్కర్ ఎందుకు చేయలేం అన్న పట్టుదల కొరియా వాళ్లలో పెరిగింది. పెద్ద కంపెనీలకు కుక్కర్లు చేసిపెట్టే ఒక కొరియా సంస్థ, ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత, 1998లో కుక్కూ అనే సొంత పేరుతో బయటికి వచ్చింది. జిగటగా ఉండే అన్నం ఇష్టపడే కొరియా నాలుకకు ఒత్తిడి వంట బాగా కుదిరింది. ఆ పేరు ఇంటింటికీ చేరింది.

అన్నంతో ఆగకుండా పప్పు, మాంసం అన్నీ వండే కరెంటు ప్రెషర్ కుక్కర్‌కు చైనాలో 1991లో పేటెంట్ దరఖాస్తు చేశారు. 2010లో కెనడాలోని ఒట్టావా నుంచి రాబర్ట్ వాంగ్ బృందం ఇన్‌స్టంట్ పాట్‌ను అమ్మకానికి పెట్టింది. గ్యాస్ మంట లేని అమెరికా అపార్ట్‌మెంట్లలో, విజిల్ ఆవిరికి భయపడే తెలుగు కుటుంబాలకు అది బాగా నచ్చింది. అక్కడి పిల్లలు ఇక్కడి అమ్మలకు కూడా కొనిపెడతామంటున్నారు.

అయితే ఒక సంగతి తెలుసుకోవాలి. చాలా కరెంటు కుక్కర్లు పొయ్యి మీది కుక్కర్ కన్నా తక్కువ ఒత్తిడితో, 115 డిగ్రీల చుట్టుపక్కల పనిచేస్తాయి. వేడెక్కడానికీ, ఒత్తిడి దిగడానికీ సమయం తీసుకుంటాయి. కాబట్టి గ్యాస్ మీది కుక్కర్ కన్నా ఇది త్వరగా వండదు. ఇది ఆదా చేసేది మనిషి నిలబడే సమయాన్ని. విజిళ్లు లెక్కపెట్టనక్కర్లేదు, మంట తగ్గించనక్కర్లేదు, మరచిపోయినా మాడదు. ఇక్మిక్ కుక్కర్ వందేళ్ల కిందట ఇచ్చిన సౌకర్యమే ఇప్పుడు ఒత్తిడితో కలిసి వచ్చింది. పాపిన్ పాత్ర ఇంధనం లేని ఇంటి కోసం. ఈ పాత్ర పొయ్యి దగ్గర ఉండటానికి మనిషి లేని ఇంటి కోసం.

ఖర్చు లెక్క

ఒక 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌లో దాదాపు 180 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది. పొయ్యి మీద అందులో సుమారు అరవై శాతమే గిన్నెకు చేరుతుంది. అంత వేడి కరెంటు కుక్కర్ ఇవ్వాలంటే 120 యూనిట్ల దాకా పడతాయి. 2022లో సవరించిన మన రాష్ట్ర టారిఫ్‌లో తొలి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. నెలకు 126 నుంచి 225 దాకా వాడే యూనిట్లకు రూ.6. 226 నుంచి 400 దాకా రూ.8.75. ఇప్పటికే ఏసీ, మోటారు నడిచే ఇంట్లో కొత్త యూనిట్లన్నీ పై స్లాబులోనే పడతాయి. అప్పుడు 120 యూనిట్లకు వెయ్యి దాటుతుంది. తక్కువ కరెంటు వాడే చిన్న ఇంటికి అదే పని సగం ఖర్చుతోనే అవుతుంది. కానీ ఆ చిన్న ఇంటికే 2024 నవంబర్‌లో మొదలైన దీపం-2 కింద ఏటా 3 సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. కాబట్టి డబ్బు మిగులుతుందన్న ఆశతో దీన్ని కొనవద్దు. రెండు వైపులా చూస్తే పెద్ద లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు.

వోల్టేజీ సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్లు లాగే కుక్కర్, వోల్టేజీ 180కి పడితే 610 వాట్ల చుట్టే పనిచేస్తుంది. పప్పు ఉడకడానికి అంతకంత ఆలస్యం. సాయంత్రం బల్బు మసకబారే వీధిలో ఉంటే, కరెంటు పోయి వచ్చే ఊళ్లో ఉంటే గ్యాస్ కుక్కర్‌ను అటక ఎక్కించకూడదు. పాత వైరింగ్ ఉన్న ఇంట్లో ఎలక్ట్రీషియన్‌కు చూపించి, 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకోవాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకూడదు. గాస్కెట్, లోపలి గిన్నె, మరమ్మతు మన ఊళ్లో కాకపోయినా కనీసం హిందూపురంలో దొరుకుతాయా అని అడిగి తెలుసుకున్నాకే డబ్బు చెల్లించాలి.

సంగటి దగ్గర ఆగిపోతుంది

ఇక్కడి వంటలతో పోల్చి చూస్తే దీని బలం, బలహీనత రెండూ తేలుతాయి. రాత్రి నానబెట్టిన ఉలవలు, అలసందలు, అనపగింజలు, కందిబ్యాళ్లు దీనికి చక్కగా లొంగుతాయి. పప్పు కట్టు వంచుకుని చారు కాచుకునే ఇళ్లకూ ఇబ్బంది లేదు. కొర్రన్నం, మటన్ పులుసు బాగా కుదురుతాయి. రాగి సంగటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. సంగటికి అన్నాన్ని మెత్తగా ఉడికించి, పిండి పోసి, కట్టెతో బలంగా గెలకాలి. ఆ బలానికి కుక్కర్ లోపలి గిన్నె గిర్రున తిరిగిపోతుంది, పూత గీసుకుపోతుంది. సంగటి కోసం మందపాటి సట్టి, గట్టి పొయ్యి, ఇంట్లో బలమున్న చేయి ఉండాల్సిందే. రోజూ సంగటి తినే ఇంట్లో కరెంటు కుక్కర్ సగం పనే చేస్తుంది.

ఇక ఆ సగం పని ఎవరికి ఎంత విలువైనదో చూడాలి. కియాలో, దాని అనుబంధ కంపెనీల్లో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లున్నారు. హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీలకు పొద్దున్నే బస్సెక్కే ఆడవాళ్లున్నారు. ధర్మవరంలో మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టే ఇల్లాళ్లున్నారు. వేళకు ఆకు వేయకపోతే ఊరుకోని పట్టుపురుగుల షెడ్లున్నాయి. ఈ ఇళ్లలో పప్పు కోసం నిలబడే అరగంట కూలి రూపంలోనో, నిద్ర రూపంలోనో నష్టమే. బస్సెక్కే ముందు నీళ్లు పోసి మీట నొక్కి, తయారై వచ్చేసరికి పప్పు సిద్ధంగా ఉంటే ఆ కుటుంబానికి ఇది పెట్టిన ఖర్చుకు తగిన వస్తువే. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు, పొయ్యి ఆపడం మరచిపోతామని భయపడేవాళ్లకు ఇంకా మేలు. ఇంట్లో ఎప్పుడూ ఒకరుంటూ, గ్యాస్ మీద మంచి ఐఎస్ఐ కుక్కర్ నడుస్తున్న ఇంటికి మాత్రం ఇప్పుడు అవసరం లేదు. ఆ డబ్బుతో పాత కుక్కర్‌కు అసలైన గాస్కెట్, సేఫ్టీ ప్లగ్గు వేయిస్తే చాలు.

చాలా ఇళ్లలో వంట చేసేవాళ్లు ఒకరు, కొనేవాళ్లు ఇంకొకరు. ఆఫర్ చూసి మగవాడో, విదేశంలో ఉన్న కొడుకో తెచ్చిపెడతారు. పాపిన్ కాలం నుంచి ఈనాటి దాకా కుక్కర్ ఏ రూపం మార్చుకున్నా, దాని విలువ తెలిసేది పొయ్యి ముందు నిలబడే మనిషికే. కొనాలా వద్దా అన్న మాట ముందు ఆమెను అడగండి, ఆమె చెప్పిన ప్రకారం చేయండి. ఒకవేళ ఆమె వద్దంటే, ఆ అరగంట పని పంచుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి ముందుకు రావాలి. దానికి ఖర్చూ లేదు, వోల్టేజీ బెడదా లేదు.