పౌండుకు మూడు పెన్నీలు

ట్రెడీగర్ కూడా బొగ్గు ఊరే. దక్షిణ వేల్స్‌లో సిర్హోవీ లోయలో ఉంటుంది. అక్కడి గనులు మూతపడి చాలా కాలమైంది గానీ, కొత్తగూడెంలో పుట్టి పెరిగిన దాన్ని కాబట్టి నాకు ఆ ఊరు కొత్తగా అనిపించలేదు. ఒకదానికొకటి ఆనుకుని వరసగా కట్టిన కార్మికుల ఇళ్లు, ఎటు తల తిప్పినా కొండవాలు, ఊరి నడుమ సర్కిల్‌లో 72 అడుగుల ఇనుప గడియార స్తంభం. అది 1858లో నిలబెట్టింది.

మా నాన్న బొగ్గు బాయిలో పనిచేశారు. నేను సింగరేణి ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. అందుకే బెడ్‌వెల్టీ పార్కులో మావాళ్లు పూలమొక్కల దగ్గర ఫొటోలు తీసుకుంటుంటే నేను బొగ్గు బండ దగ్గరే నిలబడిపోయాను. దాదాపు 15 టన్నుల బండ అది, ఒకే ముక్క. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు పంపాలని తవ్వి తీశారు. దారిలో విరిగిపోతుందన్న భయంతో చివరికి కదిలించలేదు, ఊళ్లోనే ఉంచేశారు. అంత బండను పగలకుండా బయటికి తీయడమంటే ఎంత పనితనమో బాయిపని ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. మా నాన్న ఉంటే ఆ పొరల మీద వేలు పెట్టి చూసి, మన సింగరేణి కింగ్ సీమ్ పొర బొగ్గుతో పోల్చి ఓ గంట మాట్లాడేవారు.

సింగరేణికీ బ్రిటన్‌కూ సంబంధం ఉంది. ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు సంపాదించి, 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడే, 1890లో, ట్రెడీగర్ కార్మికులు సొంతంగా ఒక వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం కోసమే మేం ఆ ఊరు వెళ్లాం. వెళ్లేలా చేసింది మాత్రం మా మనవడి చెవి.

ఎండాకాలం సెలవులకు నేనూ, మా అమ్మాయీ, ఆరేళ్ల మనవడూ కార్డిఫ్‌లో మా మేనకోడలి ఇంటికి వెళ్లాం. విమానంలోనే వాడికి జలుబు పట్టింది. బారీ సముద్రతీరానికి వెళ్లొచ్చిన రాత్రి లేచి కూర్చుని, “అమ్మమ్మా, చెవిలో ఏదో కొడుతోంది” అని ఏడుపు. ఒళ్లు కాలిపోతోంది. మా అమ్మాయి ఇన్సూరెన్స్ కాగితాల కోసం సూట్‌కేసు తిరగేస్తుంటే, “ఆగు వదినా, ముందు ఫోన్ చేద్దాం” అంటూ మా మేనకోడలు అక్కడి ఆరోగ్య సలహా నంబరు 111కి చేసింది. మెడ బిగుసుకుందా, ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా, నీళ్లు తాగుతున్నాడా, చెవి నుంచి చీము కారుతోందా, చెవి వెనక వాపు ఉందా అని ఒక్కొక్కటే అడిగారు. నేను పక్కన టార్చి పట్టుకుని చూసి జవాబులు చెప్పాను. జ్వరానికి పారాసిటమాల్ సిరప్ పట్టి, పొద్దున్నే దగ్గరలోని జీపీ దగ్గరికి తీసుకెళ్లమన్నారు. జీపీ అంటే అక్కడ పేటకో ఫ్యామిలీ డాక్టరు.

కౌంటరులో వాడి పేరు, పుట్టిన తేదీ, మేం ఎక్కడ దిగామో రాసుకున్నారు. పాస్‌పోర్టు అడగలేదు. డాక్టరమ్మ చెవిలో లైటు పెట్టి చూసింది. తర్వాత రెండు చెవుల వెనకా బొటనవేళ్లతో ఎముకను ఒత్తి, వాడి మొహం చూస్తూ, ఒక చెవి ముందుకు తోసుకొచ్చిందా అని సరిచూసింది. ఆ వేళ్లు ఏం వెతుకుతున్నాయో నాకు తెలుసు. చెవిలో చీము ఆ ఎముకలోకి దిగితే మాస్టాయిడ్ వ్యాధి, అక్కణ్నుంచి మెదడుకు పాకే ప్రమాదం. యాంటీబయాటిక్స్ రాకముందు పిల్లల ప్రాణాలు తీసిన రోగం. ఉలి, సుత్తి పట్టి ఎముక చెక్కి చీము తీసేవారు. మావాడికి కర్ణభేరి ఎర్రబడిందంతే. యాంటీబయాటిక్ అక్కర్లేదంది. బరువు చూసి సిరప్ మోతాదు చెప్పి, చాలామంది పిల్లలకు మూడు రోజుల్లో సర్దుకుంటుంది, సర్దుకోకపోతే తీసుకురండి అంది. మా అమ్మాయి పర్సు తీస్తే, ఏమీ ఇవ్వక్కర్లేదన్నారు.

బయటికొచ్చాక నేను మా మేనకోడల్ని అడిగాను, మనం ఈ దేశానికి పన్ను కట్టినవాళ్లం కాదే, ఇది ఎవరి డబ్బు అని. “అది తెలియాలంటే ట్రెడీగర్ పోవాలి అత్తా” అంది. నొప్పి తగ్గి వాడు మళ్లీ గెంతులు మొదలుపెట్టాక కార్లో తీసుకెళ్లింది.

ట్రెడీగర్ సంఘం పద్ధతి తేలికైనది. జీతంలో పౌండుకు మూడు పెన్నీలు చందా. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు కాబట్టి మన లెక్కలో నూటికి రూపాయి పావలా. ఆ డబ్బుతో సంఘమే డాక్టర్లను జీతానికి పెట్టుకుంది. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో దాని కింద ఐదుగురు డాక్టర్లు, ఒక సర్జన్, ఇద్దరు ఫార్మసిస్టులు, పళ్ల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, ఇళ్లకు తిరిగే నర్సు ఉండేవారు. 1904లో ఊరికి ఆస్పత్రి వచ్చినప్పుడూ దాన్ని నడపడానికి కార్మికులు వారం వారం చందా వేసుకున్నారు. ఏ.జె. క్రోనిన్ 1921 నుంచి ఇక్కడ డాక్టరుగా పనిచేసి, 1937లో ‘ది సిటాడెల్’ నవల రాశాడు. దేవానంద్ నటించిన ‘తేరే మేరే సప్నే’ సినిమాకు ఆధారం ఆ నవలే. నవలలో ఈ సంఘాల లోపాలు కూడా ఉన్నాయి. డాక్టరు కమిటీ పెద్దల మొహం చూసి బతకాల్సి వచ్చేదన్నది ఆయన ఫిర్యాదు. కంపెనీ ఆస్పత్రిలో పనిచేసిన దాన్ని కాబట్టి ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా ఆ సంఘం చేసిన ఒక్క పని ముందు నాకు అవన్నీ చిన్నవే: అది కుటుంబం మొత్తాన్నీ చూసింది.

ఎందుకంటే దేశమంతా అలా లేదు. లాయిడ్ జార్జ్ 1911లో తెచ్చిన జాతీయ బీమా చట్టం కింద డాక్టరు దొరికింది పనిచేసే మనిషికే. అతని భార్యకు, పిల్లలకు లేదు. బాయిలో నాన్నకు వేలు నలిగితే చందా డాక్టరు చూస్తాడు. ఇంట్లో పిల్లకు చెవిపోటు వస్తే మాత్రం ఫీజు కట్టాలి. అందుకని తల్లులు డాక్టర్ని పిలవడం ఆఖరుదాకా వాయిదా వేసేవారు. కాల్చిన ఉల్లిపాయ గడ్డలోని వేడి గుజ్జును చెవిలో పెట్టడం అక్కడి ఇంటి వైద్యం, మన దగ్గర వెల్లుల్లి కాచిన నూనె పోసినట్టే. రెండూ చెవికి మంచివి కావు. వార్డులో ఉన్నన్నాళ్లూ ఆ నూనె చెవులు శుభ్రం చేసిన చేతులు ఇవి. తల్లులను ఏనాడూ కోప్పడలేదు. డాక్టరు అందుబాటులో లేని రాత్రి తల్లి ఏదో ఒకటి చేయకుండా ఎలా ఉంటుంది?

ఆ ఫీజును దేశమంతటా తీసేసిన అన్యూరిన్ బెవన్ 1897లో ఈ ఊళ్లోనే పుట్టారు. పదిమంది సంతానంలో ఒకరు. తోబుట్టువుల్లో కొందరు పసితనంలోనే పోయారు. 13 ఏళ్లకే టై-ట్రిస్ట్ గనిలో దిగారు. తండ్రి బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని 1925లో చనిపోయారు. 1920ల చివర బెవన్ ఊరి ఆస్పత్రి కమిటీలో పనిచేశారు, 1929లో పార్లమెంటుకు వెళ్లారు, 1945లో ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు. ఆ నాటికి ట్రెడీగర్ సంఘం 24,000 మంది జనంలో దాదాపు 22,800 మందిని చూస్తోంది. తాను చేస్తున్నదల్లా ట్రెడీగర్‌కు ఉన్నది దేశమంతటికీ ఇవ్వడమేనని ఆయన చెప్పుకున్నారు. 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. మాంచెస్టర్ దగ్గర పార్క్ హాస్పిటల్‌లో ఆ రోజు మొదటి రోగి 13 ఏళ్ల అమ్మాయి. బెవన్ స్వయంగా వెళ్లి పలకరించారు. ఆ రోజుతో పిల్లలకు విడిగా ఫీజు కట్టే అవసరం పోయింది.

మాలాంటి చుట్టపుచూపు జనం గురించి గొడవ మాత్రం మొదటి ఏడాదే లేచింది. విదేశీయులు వచ్చి ఉచితంగా కళ్లద్దాలు, కట్టుడు పళ్లు పట్టుకుపోతున్నారని పత్రికలు రాశాయి. బ్రిటన్‌లో స్థిరంగా ఉండనివాళ్ల దగ్గర డబ్బు వసూలు చేయవచ్చని 1949 చట్టంలో అధికారం రాసుకున్నారు, కానీ వాడలేదు. 1952లో తన పుస్తకం ‘ఇన్ ప్లేస్ ఆఫ్ ఫియర్’లో బెవన్ దీనికి జవాబిచ్చారు. ఆయన వాదన రెండు ముక్కల్లో చెప్పొచ్చు. వచ్చినవాడు పొగాకో మద్యమో కొన్న క్షణం నుంచీ పన్ను కడుతూనే ఉన్నాడు. పైగా ఎవడు పరాయివాడో తేల్చాలంటే ప్రతివాడూ తాను పరాయివాణ్ని కానని రుజువు మోసుకు తిరగాలి. పరాయివాడికి పెట్టిన ఇబ్బంది చివరికి అందరి మెడకూ చుట్టుకుంటుంది.

1982లో ఆ పాత అధికారాన్ని బయటికి తీశారు. అప్పటినుంచి విదేశీ సందర్శకులు ఆస్పత్రిలో చేరితే బిల్లు వస్తుంది. ఇంగ్లండ్‌లో 2015 నుంచి మనలాంటి దేశాలవాళ్లకు ఆ బిల్లు అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు. జీపీకి చూపించుకోవడం, క్యాజువాలిటీలో అత్యవసర చికిత్స మాత్రం ఉచితంగానే మిగిలాయి. అందుకే ప్రయాణ బీమా తీసుకోకుండా వెళ్లకూడదు. చెవిపోటు చెవిపోటుగానే ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఉద్యోగ వీసా మీద ఉన్న మా మేనకోడలు వీసాతోపాటు ఆరోగ్య సర్‌చార్జీ కట్టింది, ఇప్పుడది ఏడాదికి 1,035 పౌండ్లు. జీతం మీద పన్ను, బీమా కోత వేరే. ఒకే సేవకు ఆ పిల్ల దగ్గర రెండుసార్లు తీసుకోవడం నాకు న్యాయంగా కనబడదు. ఈ వేల్స్ లోయల్లోకి రావడానికి అక్కడి డాక్టర్లు ఇష్టపడని కాలంలో జీపీ కుర్చీల్లో కూర్చున్నది మన దేశాల నుంచి వెళ్లినవాళ్లే. విశాఖలో, గుంటూరులో, ఉస్మానియాలో చదివిన తెలుగు డాక్టర్లు ఆ దేశం నిండా పనిచేశారు. వాళ్ల చేతుల మీద నిలబడ్డ సేవ అది.

బెవన్ భయపడ్డదీ జరిగింది. జమైకా మూలాలున్న ఒక మనిషి నాలుగు దశాబ్దాలకు పైగా లండన్‌లో ఉండి, పనిచేసి, పన్ను కట్టారు. క్యాన్సర్ వస్తే, తాను అక్కడివాణ్నని రుజువు చూపలేకపోయారని 54,000 పౌండ్లు ముందు కట్టమన్నారు. 2018లో ఆ సంగతి దేశాన్ని కుదిపింది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలతో బ్రిటన్‌కు పరస్పర ఒప్పందాలున్నాయి. అక్కడి సందర్శకులకు ఆస్పత్రిలో అవసరమైన వైద్యం బిల్లు లేకుండా దొరుకుతుంది, బ్రిటన్‌వాళ్లకు అక్కడ దొరుకుతుంది. భారత్‌తో లేదు. ఏటా సెలవులకు మన పిల్లలు అమ్మమ్మలతో, తాతయ్యలతో ఎంతోమంది బ్రిటన్‌కు వెళ్తున్నారు, అక్కడ పుట్టిన మన పిల్లలు ఇక్కడికి వస్తున్నారు. కనీసం పదహారేళ్ల లోపు వాళ్ల మటుకైనా రెండు ప్రభుత్వాలూ కూర్చుని అలాంటి ఒప్పందం రాసుకోవాలి.