రుచి చూసి చెప్పడమూ చదువే

హోటల్లో పనిచేసే మన కుర్రాడొకడు వైన్ చదువు చదువుతానంటే పెద్దలు మండిపడ్డారు. ఆ చదువు చరిత్ర కొంచెం వినండి.

1953లో లండన్ వర్తకులు మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్ష పెట్టారు. 21 మంది రాస్తే ఆరుగురే నెగ్గారు. 1969లో అక్కడే డబ్ల్యూఎస్ఈటీ సంస్థ వచ్చి మెట్టు మెట్టుగా నేర్పసాగింది. మాస్టర్ పరీక్షలో పేరు చెప్పకుండా 36 వైన్లు ఇస్తారు. ద్రాక్ష రకం, పుట్టిన చోటు, నాణ్యత చెప్పాలి. నోట్లో పోసుకుని ఉమ్మేస్తారు, తాగరు. మన దేశంలో ఉంటూ 2016లో ఆ పట్టా మొదట పొందింది ఒక మహిళ, సోనల్ హాలండ్.

మహారాష్ట్ర 2001లో ద్రాక్ష వైన్ విధానం తెచ్చాక నాశిక్ చుట్టూ వైనరీలు పెరిగాయి. అక్కడ తెలిసినవాళ్లు కావాలి.

1956 దాకా మన ముఖేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ రాష్ట్రంలో గౌడ తాతలు వాసన చూసే కల్లు పొద్దుటిదో సాయంత్రందో చెప్పేవారు. ఆ నేర్పుకు పరీక్షా లేదు, పట్టా లేదు. అందుకే గౌరవమూ దక్కలేదు.

కుర్రాణ్ణి ఆపకండి. ఫీజుకు విద్యానిధి నుంచి ఎంత ఇవ్వగలమో వచ్చే మీటింగులో తేలుద్దాం.