ఒగ్గుమేళము: జనగామ సీమలో ఒక సంస్థ చరిత్రము

గోదావరియు ప్రాణహితయు కలిసి, అంతర్వాహినియైన సరస్వతి మూడవదై, త్రివేణీసంగమమని ప్రసిద్ధి గాంచిన కాళేశ్వరక్షేత్రమున గర్భగుడిలో ఒకే పానవట్టముపై రెండు లింగములున్నవి. ఒకటి కాళేశ్వరుడు, రెండవది ముక్తేశ్వరుడు. ఆ సీమలో పుట్టిన నేను బాల్యమున నొక మాఘమాసపు రాత్రి, మా వాడ చివర చింతచెట్టు క్రింద, తల్లి కొంగు కప్పుకొని మొదటిసారి ఒగ్గుకథ విన్నప్పుడు, ఎదురెదురుగా నిలిచి యొకడు పలుకగా నొకడు బదులు పలుకుచున్న యా యిద్దరిని చూచి, ఆ రెండు లింగములనే జ్ఞప్తికి దెచ్చుకొంటిని. ఎవడు కథకుడో, ఎవడు వంతయో తెలిసినను, ఎవడు పెద్దయో తెలిసినది కాదు. కథకుని ముఖము నేడు నాకు జ్ఞాపకము లేదు. వంతవాని గొంతుమాత్రము చెవిలో నట్లే నిలిచియున్నది.

సంస్థ యనగానే మనకు స్థాపకుల పేరులు, స్థాపనదినము, చందాదారుల పట్టిక, సొంతభవనము, గోడపై వరుసగా అధ్యక్షుల ఛాయాచిత్రములు స్ఫురించును. ఒగ్గుమేళమునకు వీనిలో నేదియు లేదు. గొల్ల కురుమల యిండ్లలో పుట్టుకయే దానికి ప్రవేశపత్రము. గురువు మెడలో వేసిన గవ్వలదండయే దానికి సభ్యత్వము. మల్లన్న గుడి ముంగిలియే దానికి భవనము. అయినను, తరముల తరబడి యొక పనిని ఒక పద్ధతిలో నేర్పి, నేర్చి, తప్పినవానిని దిద్ది, కొత్తవానిని చేర్చుకొని నిలిచిన దానిని సంస్థ యనక మరేమందుము? జనగామ ప్రాంతపు మాణిక్యాపురమున 1935వ సంవత్సరము మార్చి 29వ తేదీన ఒగ్గుకథకులు చుక్క సత్తయ్యగారు జన్మించి 2025 నాటికి తొంబదియేండ్లు నిండినవి. ఆ మహాకథకుని స్మరించుచు, ఆయన యే సంస్థకు సొంతవాడో ఆ సంస్థ చరిత్రమును తెలిసినంతమేరకు చెప్పుట యుత్సవసంచికకు తగిన పనియని నా విశ్వాసము.

ఈ కళకు పుట్టినతేదీ వెదకబూనుట వృథాప్రయాస. కాని దీని బంధువర్గమును మన ప్రాచీన కావ్యములలో గుర్తింపవచ్చును. పాలకుర్తి యీ జనగామ సీమలోనిదే. ఆ యూరి పేరు ఇంటిపేరుగా గల పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణమున శివరాత్రికి శ్రీశైలమేగు జనసమూహముల ఆటలను, పాటలను, వాద్యములను, వేషములను ఎంత విస్తరముగా వర్ణించెనో చదివినవారెరుగుదురు. రాజసభలలోని సంగీతమును వర్ణించిన కవులు మనకనేకులు. త్రోవలో నడచు జనుల సంగీతమును లెక్కించి చెప్పినవాడు సోమన. ఆ తరువాతి క్రీడాభిరామము ఓరుగంటి వీథులలో ఇద్దరు మిత్రులు ఒక దినమంతయు తిరుగుచు చూచిన వింతల కథ. అందు పల్నాటివీరుల కథ పాడువారున్నారు, మైలారదేవుని భక్తులున్నారు, నిప్పులగుండములు తొక్కు వీరులున్నారు. మైలారదేవుడు మన మల్లన్నయే యని పెద్దలందురు. ఈ రెండు కావ్యములను సాంఘికచరిత్రకు ఆకరములుగా గ్రహించి, రాజుల యుద్ధముల నటుంచి ప్రజల బ్రతుకును వ్రాసిన సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే తెలుగున తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము 1955లో లభించుట యెంతయు సమంజసము. నగరము నడిబొడ్డున, నలుగురు నడచు త్రోవలో, గానమును నృత్యమును కథయు కలిసి జరుగుట ఓరుగంటి పరిసరములకు నేటిది కాదని చెప్పుటకీ సాక్ష్యములు చాలును.

ఇక మేళము పనితీరు. ఒగ్గు అనగా శివుని చేతి డమరుకము. జగ్గు అనియు నందురు. ప్రధానకథకుడు ఒగ్గు పట్టి, కాళ్ల గజ్జెలు కట్టి, నొసట బండారి పూసి నిలుచును. బండారి యనగా మల్లన్నకు ప్రీతికరమైన పసుపు. అతని ప్రక్కన వంతలు. వెనుక డోలు, నపీర, కంచుతాళములు. డోలుకు ఒక ప్రక్క పుల్ల, ఒక ప్రక్క అరచేయి. మల్లన్నకథ, బీరప్పకథ, ఎల్లమ్మకథ మొదలైనవి వీరి నిధులు. కథ వచనముగా నడచుచు, హఠాత్తుగా పాటలోనికి దూకి, పాటనుండి చిందులోనికి పొరలి, మరల వచనమునకు దిగును. ఆ దిగుటలో నున్న నేర్పు విన్నవారికే తెలియును. వంతవాడు ఒకచోట కథలోని మంత్రి, ఒకచోట అత్త, ఒకచోట గొఱ్ఱెలకాపరి. మరియొకచోట ఏ పాత్రయు గాక, చూచుచున్న మనలో నొకడై ‘అట్లెట్లాయె?’ యని యడుగును. ఆ ప్రశ్న ముందుగా వ్రాసియుంచినది కాదు. ఆ రాత్రి ఆ యూరిలో పడిన వాన, పడని వాన, పంట ధర, ముందువరుసలో కునుకుచున్న పెద్దమనిషి, ఇవన్నియు ఆ ప్రశ్నలోనికి వచ్చును. కథకుడు దానికి అప్పటికప్పుడు బదులల్లవలెను. డోలువాడు వారిరువురి ముఖములను చూచుచు, ఎక్కడ దరువు తగ్గింపవలెనో, ఎక్కడ నొక్కసారిగా ఉరుమింపవలెనో క్షణములో నిర్ణయింపవలెను. ఒకేకథను పది యూళ్లలో పదిసార్లు విన్నవానికి పది కథలు విన్న యనుభవము గలుగుట కిదియే హేతువు. పల్లెటూరివాడు దీనికి ఆశుసృష్టి యని పేరు పెట్టలేదు. ‘మేళం జోరుమీదున్నది’ అనెను.

ఈ మేళమునకు మహోత్సవము కొమురవెల్లి జాతర. నేడు కొమురవెల్లి సిద్దిపేట జిల్లాలో నున్నను, 2016 అక్టోబరులో జిల్లాలు మారువరకు ఓరుగల్లు జిల్లాలోనిది. శాసనసభా నియోజకవర్గము నేటికిని జనగామయే. గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ యిరువురును దేవేరులుగా మల్లన్న యచ్చట కొలువైయున్నాడు. సంక్రాంతి మొదలు ఉగాదివరకు ఆదివారములు ఆయనవి. మొదటి ఆదివారము పట్నంవారము, రెండవది లష్కర్‌వారము. అనగా హైదరాబాదువారిది యొకటి, సికింద్రాబాదువారిది యొకటి. ఒక కుగ్రామదేవుని యుత్సవములో మహానగరములకు వారములు కేటాయింపబడిన యీ యేర్పాటు నా మనస్సును ఎప్పుడును కదలించుచుండును. పొట్టకూటికై పట్నము చేరిన గొల్ల కురుమల కుటుంబములు, ఏడాదికొక్క ఆదివారము బోనమెత్తుకొని, డోళ్లు కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని యింటికి వచ్చుచున్నవి. ఎన్నడో వదలివచ్చిన యింటిని నగరము తన వారముల పేరులలో దాచుకొన్నది. ఓరుగంటికి చేరువనున్న ఐనవోలులోను మల్లన్న జాతర సంక్రాంతినాటనే ఆరంభమగును; ఆ దినములలో జనగామ మీదుగా పోవు రైళ్లలో, బస్సులలో పసుపుమరకలేని చొక్కా అరుదు.

ఆదివారమునకును డోలుకును గల యీ బంధమును తలచినపుడు సముద్రములకావలి యొక నగరము గుర్తుకు వచ్చును. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరమున బానిసలైన ఆఫ్రికావారు తమ వాద్యములతో, నృత్యములతో ఆదివారములలో కూడుకొనెడివారు. 1817లో నగరాధికారులు అట్టి కూటములను ఒక్కచోటికే పరిమితము చేసిరి. ఆ మైదానమునకు కాంగో స్క్వేర్ అని పేరు నిలిచినది. ఆ డప్పుల మోత, క్రైస్తవప్రార్థనాగీతములు, వీథులలోని ఇత్తడివాద్యముల మేళములు కలిసి, పందొమ్మిదవ శతాబ్దపు తుదినుండి జాజ్ సంగీతముగా రూపుదాల్చినవి. అందును ఒక వాద్యము ప్రశ్నించును, వేరొకటి బదులిచ్చును. రాగము తెలిసినదే, నడక మాత్రము ఆ పూటది. ఊరేగింపులో వాద్యగాండ్ర వెనుక చిందు వేయుచు నడచు జనమునకు వారు ‘రెండవ వరుస’ యని పేరు పెట్టుకొన్నారు. మన భాషలో చెప్పవలెనన్న, ఊరంతయు వంతయైనదన్నమాట. ఆ కాంగో స్క్వేర్‌లోనే 1970లో ఆ నగరపు జాజ్ మహోత్సవము తొలిసారి జరిగినపుడు డ్యూక్ ఎల్లింగ్టన్, మహాలియా జాక్సన్ వంటి దిగ్దంతులు అందు పాల్గొనిరి. నేడు అమెరికాలోని చిన్నచిన్న పట్టణములుకూడ ఏడాదికొకసారి నడిబజారులో బండ్ల రాకపోకలు నిలిపి, వీథినే వేదిక చేసికొని జాజ్ యుత్సవములు జరుపుకొనుచున్నవి. మన ఒగ్గు ఆ జాజ్ వంటిదని పోల్చి గర్వపడవలసిన యవసరము లేదు, వారి బాధ వేరు, మన త్రోవ వేరు. కాని అణగియున్న జనులు తమకు దక్కిన యొక్క ఆదివారమును డోలుతో నింపి, దానినుండి ఒక విద్యను నిర్మించుకొన్నారన్న సత్యము రెండుచోట్లను ఒక్కటే.

గుడి ముంగిలినుండి యీ విద్యను సభావేదికకు నడిపించినవారిలో సత్తయ్యగారు అగ్రేసరులు. పన్నెండువేలకు పైబడిన ప్రదర్శనలిచ్చిరని ప్రసిద్ధి. సంఖ్యకన్న గొప్పదొకటి ఆయనయందున్నది: స్త్రీపాత్ర పలుకునపుడు ఆ నిలువెత్తు మనిషి మెడ వంపులో, కొంగు సర్దుకొను చేతిలో ఇల్లాలు సాక్షాత్కరించెడిది, మరుక్షణమున మీసము దువ్వి మల్లన్న యగుచుండెను. వేషము మార్చుటకు తెర వెనుకకు పోవలసిన పని లేదు. గొంతు మారిన చాలును. దేవతాకథలతోపాటు సాంఘికవిషయములను సైతము ఒగ్గుబాణీలో చెప్పి, ఆ మేళము భక్తులకేగాక పౌరులకు కూడ చెందినదని నిరూపించిరి. కాకతీయ విశ్వవిద్యాలయము గౌరవడాక్టరేటుతో ఆయనను సత్కరించినది. 2017 నవంబరు 9న ఆయన కీర్తిశేషులైరి. వేములవాడ ప్రాంతపు హన్మాజీపేటలో మిద్దె రాములుగారు ఇదే విద్యకు మరియొక దీపస్తంభమై వెలిగిరి. ఓరుగల్లు సీమవారేయైన బిరుదురాజు రామరాజుగారు జానపదగేయసాహిత్యముపై పరిశోధన చేసి 1956లో ఉస్మానియానుండి డాక్టరేటు పొందుటతో, అంతవరకు పండితులు పామరమని ప్రక్కకు నెట్టిన పాటలకు విశ్వవిద్యాలయపు ద్వారము తెరచుకొన్నది.

జనగామ సీమ ఒక్క ఒగ్గుతోనే తృప్తిపడినది కాదు. దేవరుప్పుల మండలములోని అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యగారికి చిందు యక్షగానమునకుగాను 2024లో పద్మశ్రీ ప్రకటింపబడినది. చేర్యాల నకాశీపటములు, పెంబర్తి ఇత్తడిపని కూడ ఈ నాలుగామడల నేలలోనివే. కథ చెప్పువాడు, కథకు బొమ్మ వేయువాడు, లోహమును మలచువాడు, అందరును ఇంత దగ్గరగా నివసించిన ప్రదేశము మన దేశమున ఎన్ని గలవో నేను చెప్పజాలను.

అయినను నా మనస్సులో నొక బాధ యున్నది. ఉత్సవసమయమున దానిని దాచుట నిజాయితీ కాదు. కొన్నేండ్ల క్రిందట ఒక పట్టణములో జరిగిన సభకు ఒక మేళమును వెంటబెట్టుకొని పోతిని. నిర్వాహకులు మొదట అరగంట యనిరి, తరువాత పదినిమిషములనిరి, చివరకు అతిథులకు స్వాగతము పలుకుటకు డోళ్లు మాత్రము వాయింపుడనిరి. మేళములోని వృద్ధకథకుడు కోపింపలేదు. గజ్జెలు విప్పుచు నెమ్మదిగా ఇట్లనెను: ‘సారూ, పది నిమిషాలల్ల మల్లన్న పుట్టనే పుట్టడు. పెండ్లెప్పుడు జేసుకోవాలె?’ ఆ మాటకు నా కన్నులు చెమర్చినవి. పడుచువాండ్రు డోళ్లు భుజమున వేసికొని వేదికముందుకు పోయిరి. ఒకరి భుజములపై నొకరెక్కి, గోపురమువలె నిలిచి వాయించిరి. జనము చప్పట్లు కొట్టినది. ఆ విన్యాసము అందమైనదే, ఆ పిల్లల శ్రమ ఆదరణీయమే. డోలు వలననే నేడు ఊరేగింపులలో, ప్రభుత్వోత్సవములలో ఒగ్గు పేరు మ్రోగుచున్నది, వందలమందికి జీవిక దొరకుచున్నది. కాని రాత్రులు రాత్రులు సాగవలసిన కథను విడచి డోలు ఒంటరిగా నడచునపుడు, ముందుగా నశించువాడు వంతవాడు. డోలుకు దరువు నేర్పవచ్చును. ఎదుటివాని మాట విని, ఆ క్షణముననే బదులు పలుకుటను పదినిమిషముల కార్యక్రమములో నేర్పుట అసాధ్యము. కావున సభలు జరుపువారిని చేతులు జోడించి వేడుకొందును: ఏడాదికొక్క రాత్రియైన జనగామ బజారులో, రైలుస్టేషనునుండి నడచివచ్చువాడు సైతము ఆగి కూర్చుండునట్లు వీథిలోనే చాపలు పరచి, గడియారము వంక చూడక, మల్లన్న పుట్టుక మొదలు పెండ్లివరకు పూర్తిగా చెప్పింపుడు. వేదిక వలదు. మైకు ఒకటి చాలును. అదియు వంతవానికి దగ్గరగా నుంచుడు.

గత జాతరలో నేను మరల కొమురవెల్లికి పోతిని. శివరాత్రినాటి నడిరేయి ఒగ్గుపూజారులు పెద్దపట్నమను రంగుల ముగ్గు వేయుచుండిరి. బియ్యపుపిండి తెలుపు, పసుపు, కుంకుమ, ఆకుపొడి పచ్చన, బొగ్గుపొడి నలుపు. కొలకఱ్ఱలు లేవు, గీసికొన్న చిత్తులు లేవు. పిడికిలినుండి రంగు జారుచుండగా విశాలమైన ముగ్గు నేలపై విప్పారుచుండెను. ఒకడు వేయుచు పాడుచుండగా, దూరమున నున్నవాడు తన గడి విడువకయే వంత పలుకుచుండెను. తెల్లవారుఝామున డోళ్లు పెచ్చరిల్లినవి. పూజారులు, శివసత్తులు పట్నము తొక్కిరి. రేయంతయు పెట్టిన రంగులన్నియు క్షణములో కలిసిపోయినవి. జనము ఆ పొడికై ముందుకు వంగినది. నా ప్రక్కనున్న యొక ముసలమ్మ పిడికెడెత్తి కొంగున ముడివేసికొని, ఆ ముడిని రెండుసార్లు తడిమి చూచుకొని, చేలో చల్లుటకని చెప్పి, లష్కర్ బస్సు ఎటు నిలుచునో నన్నడిగినది.