గ్రోనింగెన్ సహజవాయు విరమణోద్యమము

నెదర్లాండ్సు దేశపు ఈశాన్యభాగమునందలి గ్రోనింగెన్ మండలమున, భూగర్భమునుండి సహజవాయువును తోడుటవలన పుట్టిన భూకంపములచే ఇండ్లు బీటలువారి, నిత్యభయమునకు లోనైన ప్రజలు, ఆ తోడకమును సంపూర్ణముగా నిలిపివేయవలెనని సాగించిన దీర్ఘోద్యమమునకు గ్రోనింగెన్ సహజవాయు విరమణోద్యమమని పేరు. పశ్చిమ ఐరోపాలోకెల్ల పెద్దదైన ఆ వాయుక్షేత్రమున 2023 అక్టోబరు 1వ తేదీన తోడకము ఆగినది; మరుసటి సంవత్సరము శాసనమూలమున అది శాశ్వతముగా నిషిద్ధమైనది. భూగర్భమున ఇంకను సుమారు 450 బిలియన్ ఘనమీటర్ల వాయువు మిగిలియుండగనే, కొనువారు సిద్ధముగా నుండగనే, ఒక ప్రభుత్వము తన కామధేనువు వంటి క్షేత్రమును విడిచిపెట్టుట ఇంధనచరిత్రలో అరుదైన సంగతి. పాలకులు స్వయముగా వివేకము తెచ్చుకొని చేసిన పని కాదిది. క్షేత్రముపై కాపురమున్న పల్లెవారు పట్టువిడువక చేయించిన పని.

ఈ నిక్షేపము 1959 జూలైలో స్లోఖ్టెరెన్ గ్రామసమీపమున బయటపడినది. షెల్, ఎక్సాన్ సంస్థలు సమభాగస్వాములుగా నడపిన నామ్ అను సంస్థ దానిని కనుగొన్నది. ఆదిలో తోడదగిన వాయువు సుమారు 2,800 బిలియన్ ఘనమీటర్లని అనంతరపు లెక్కలు తేల్చినవి. 1963లో ఉత్పత్తి ఆరంభమైన పిమ్మట కొలదికాలములోనే దేశమందలి వంటిండ్లకును, చలికాలపు గదులను వేడిచేయు యంత్రములకును ఈ వాయువే ఆధారమైనది. 1965 చివర, ఆర్థికవ్యవహారముల మంత్రిగానున్న యోప్ డెన్ ఔల్ దక్షిణమున లింబుర్గ్ మండలపు బొగ్గుగనులను మూయుదుమని ప్రకటించెను. 1974 నాటికి ఆ గనులన్నియు మూతపడినవి. ఒక ఇంధనమును విడిచి మరియొకదానికి దేశము దేశమంతయు పదియేండ్లలో మారగలదని డచ్చివారు ఆనాడే ఋజువుచేసిరి. తరువాతి కాలమున వాయువును విడుచుట అసాధ్యమని వాదించినవారికి ఈ చరిత్రయే తగిన సమాధానము.

ఉత్పత్తి 1976లో శిఖరమునందుకొని, ఆ ఒక్క సంవత్సరమున దాదాపు 88 బిలియన్ ఘనమీటర్ల వాయువు పైకివచ్చినది. 2023లో నివేదిక సమర్పించిన పార్లమెంటు విచారణసంఘము తేల్చిన లెక్కనుబట్టి, ఈ క్షేత్రముమూలమున ప్రభుత్వమునకు వచ్చిన రాబడి సుమారు 363 బిలియన్ యూరోలు, షెల్, ఎక్సాన్ సంస్థలకు చేరినది సుమారు 66 బిలియన్ యూరోలు. రహదారులు, పాఠశాలలు, వృద్ధాప్యపు పింఛనులు మొదలైన సంక్షేమసౌధమునకు ఈ ధనము పునాదియైనది. తోడకమును తగ్గించుడని ఎవరైన అడిగినప్పుడెల్ల ఖజానా ఎందులకు చెవియొగ్గలేదో ఈ అంకెలే తెలుపును.

భూకంపములు పుట్టు తీరును ఇంచుక వివరింపవలసియున్నది. వాయువు భూమికి సుమారు మూడు కిలోమీటర్ల లోతున, సూక్ష్మరంధ్రములుగల ఇసుకరాతి పొరయందు, గొప్ప పీడనముతో ఇమిడియుండెను. దశాబ్దములపాటు తోడుటచే పీడనము క్షీణింపగా, పైనున్న రాతిబరువునకు ఆ పొర అణగి, ఉపరితలము క్షేత్రమధ్యమున ముప్పది సెంటీమీటర్లకు పైగా కుంగినది. పొర అంతట సమానముగా అణగక, పూర్వమునుండియున్న భ్రంశరేఖలవెంబడి ఒకవైపు ఎక్కువగాను, ఒకవైపు తక్కువగాను కదలుటచే, కూడిన ఒత్తిడి ఒక్కుమ్మడి విడివడి భూమి కంపించును. సహజభూకంపములతో పోల్చిన వీని పరిమాణము చిన్నదే. కాని అవి అతి తక్కువ లోతున పుట్టుటయు, పైన మెత్తని బంకమన్ను, పీటునేల యుండి కదలికను పెంచుటయు, అక్కడి ఇటుక ఇండ్లు భూకంపములను తలంపునకైన తెచ్చుకొనక కట్టినవగుటయు కలిసి, అల్పకంపమే అనల్పనష్టమును కలిగించినది.

ఉత్తర నెదర్లాండ్సునందు 1986 డిసెంబరులో అసెన్ పట్టణమువద్ద భూమి కంపించినప్పుడే, భూగోళశాస్త్రజ్ఞుడు మేంట్ వాన్ డెర్ స్లౌస్ దీనికి వాయువు తోడుటయే కారణమని హెచ్చరించెను. అధికారులును, సంస్థలును ఆయన మాటను కొట్టిపారవేసిరి. 1990 దశకమునగాని ఆ సంబంధమును అధికారికముగా అంగీకరింపలేదు. అంగీకరించిన పిదపకూడ నష్టము స్వల్పమే యుండునని ప్రజలకు నచ్చచెప్పుచు వచ్చిరి. 2009లో గ్రామస్థులు గ్రోనింగెన్ భూమి ఉద్యమము అను అర్థమిచ్చు పేరుతో ఒక సంఘము స్థాపించుకొనిరి. ఈ ఉద్యమమునకు వెన్నెముక యనదగినది ఆ సంఘమే.

2012 ఆగస్టు 16వ తేదీ రాత్రి హౌజింగె గ్రామమువద్ద 3.6 పరిమాణముగల భూకంపము సంభవించినది. ఆ క్షేత్రమున నమోదైన వానిలో ఇదియే పెద్దది. గనుల భద్రతను పర్యవేక్షించు ప్రభుత్వశాఖ దీనిని పరిశీలించి, ఇంతకంటె బలమైన కంపములు రావచ్చుననియు, తోడకమును వీలైనంత త్వరగా, వీలైనంత ఎక్కువగా తగ్గింపవలెననియు 2013 జనవరిలో సలహా ఇచ్చినది. మంత్రి హెన్క్ కాంప్ మరికొన్ని పరిశోధనల ఫలితములు రావలెనని నిర్ణయమును వాయిదావేసెను. అదే సంవత్సరమున ఆ క్షేత్రమునుండి తోడిన వాయువు దాదాపు 54 బిలియన్ ఘనమీటర్లు. అనగా హెచ్చరిక వెలువడిన పిదప ఉత్పత్తి ముందటికంటె పెరిగినది. గ్రోనింగెన్ ప్రజలు ప్రభుత్వముపై నమ్మకమును కోల్పోయిన ఘట్టమిది. దీనిని ఎంత క్షమాగుణముతో చూచినను సమర్థించుట కష్టము. ప్రజల భద్రత 2013 వరకు తోడకపు నిర్ణయములలో లెక్కకు రానేలేదని దేశ భద్రతాపరిశోధనా మండలి 2015 ఫిబ్రవరిలో తేల్చిచెప్పినది.

ఆ కాలమున ఆ పల్లెలలో బ్రతుకు ఎట్లుండెనో చూచినగాని ఉద్యమపు బలము బోధపడదు. ఇటుకగోడలు కిటికీ మూలలనుండి మెట్లు మెట్లుగా బీటలువారినవి. కొన్ని ఇండ్లకు వెలుపల కొయ్యదూలములను వాలుగా ఊతమిచ్చి, అవి పడకుండ సంవత్సరములపాటు నిలిపియుంచిరి. నిపుణుడు వచ్చి బీటలను ఒక్కొక్కదానినే చూచి, ఇది కంపమువలన కలిగినది, ఇది పూర్వమున్నదే కంపముచే పెరిగినది, ఇది కంపమునకు సంబంధించినదే కాదు అని మూడు తరగతులుగా విభజించెడివాడు. ఒక్క గోడమీదనే మూడు తరగతులును ఉండెడివి. ఇంటియజమాని దానికి సమ్మతింపక మరియొక నిపుణుని పిలిపించుకొనిన, వివాదము నెలలతరబడి సాగెడిది. ఇల్లు అమ్ముకొనిపోదమన్న కొనువారు కరవు. ఈ యవస్థనుబట్టి, బీట కంపమువలననే కలిగినదని యజమాని ఋజువుచేయ నక్కరలేదనియు, కాదని చూపు భారము సంస్థదేననియు 2016 చివర శాసనము మార్చిరి. ప్రజలు సాధించుకొన్న విజయములలో ఇది చిన్నదిగా కనబడును గాని, సామాన్యుని దృష్టిలో చాల పెద్దది.

ఉద్యమము పలురూపముల సాగినది. న్యాయస్థానములయందు సంఘములును, పురపాలకసంస్థలును, వ్యక్తులును కలిసి వ్యాజ్యములు వేసిరి. తోడకమును అనుమతించిన మంత్రి నిర్ణయమును దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానము 2017 నవంబరులో, భద్రతను తగినంత విచారింపలేదను కారణమున కొట్టివేసినది. 2018 జనవరి 8వ తేదీన జేరైప్ గ్రామమువద్ద 3.4 పరిమాణముతో భూమి మరల కంపింపగా, పదిదినములు దాటినంతనే వేలకొలది జనులు కాగడాలు చేతబూని గ్రోనింగెన్ నగరవీధులలో నడచిరి. అదే సంవత్సరము ఆగస్టులో, వాయువును భూమిలోనే ఉంచవలెనని కోరు యువకులు పలువురు ఫార్మ్‌సుమ్ వద్దనున్న నామ్ సంస్థ నిల్వకేంద్రమును ముట్టడించిరి. ఇండ్లు కాపాడుకొనదలచిన పల్లెవారును, వాతావరణమును కాపాడదలచిన నగరపు యువకులును ఒకే ద్వారమువద్ద నిలిచిన సందర్భమది. వారి కారణములు వేరైనను కోరిక ఒక్కటియే.

జేరైప్ కంపమునకు పిదప ప్రభుత్వవైఖరి మారినది. తోడకమును 2030 నాటికి పూర్తిగా నిలిపివేయుదుమని మంత్రి ఎరిక్ వీబెస్ 2018 మార్చి 29న ప్రకటించెను; ఆ గడువు క్రమముగా ముందునకు జరిగినది. అయితే మూసివేతకు ఒక చిక్కుండెను: ఈ క్షేత్రపు వాయువునందు సుమారు 14 శాతము నత్రజని కలదు. దేశమందలి పొయ్యిలన్నియు దానికి తగినట్లే అమర్చినవి. దిగుమతివాయువు అంతకంటె వేడినిచ్చునది కావున, దానిలో నత్రజనిని కలుపుటకు జౌడ్‌బ్రూక్ వద్ద పెద్ద కర్మాగారమును నిర్మింపవలసివచ్చినది. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తగా వాయువుధర ఆకాశమునంటినప్పుడు, క్షేత్రమును తిరిగి తెరువుమను ఒత్తిడి అనేకదిక్కులనుండి వచ్చినను, ప్రభుత్వము ఉత్పత్తిని అత్యల్పస్థాయిలోనే ఉంచినది. మూసివేతశాసనము 2024 ఏప్రిల్ 16న ఎగువసభ ఆమోదమును పొందినది. ఆ నెల 19నుండి అమలులోనికి వచ్చినది.

ఇచట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. భూమినుండి వాయువు తోడుట ఆగినంతమాత్రమున దేశము వాయువును కాల్చుట ఆపలేదు. నార్వేనుండి గొట్టములద్వారా, అమెరికా మొదలైన దేశములనుండి ఓడలలో ద్రవరూపమున వాయువు వచ్చుచునేయున్నది. 2022లో ఏమ్స్‌హావెన్ రేవున, అనగా గ్రోనింగెన్ తీరముననే, ద్రవవాయువును దిగుమతిచేయు తేలియాడు కేంద్రము వెలసినది. సహజవాయువున ముఖ్యాంశమైన మీథేను దహింపక గాలిలో కలిసినయెడల, ఇరువది సంవత్సరముల కాలమున బొగ్గుపులుసువాయువుకంటె ఎనుబది రెట్లకు పైగా వేడిని పట్టియుంచును గనుక, బావినుండి పొయ్యివరకు ఎక్కడ లీకైనను హాని జరుగును. కావుననే రెండవదశ ఉద్యమము వాడకమును తగ్గించుటపై నిలిచినది. 2018 జూలై 1 మొదలుగా క్రొత్తగా కట్టు ఇండ్లకు వాయుసంధానము నిషిద్ధమైనది; 2019 వాతావరణ ఒప్పందమున 2030 నాటికి పదునైదు లక్షల పాత ఇండ్లను వాయురహితము చేయ సంకల్పించిరి. ఉష్ణపంపులు, వీధులవెంట వేడినీటి గొట్టములు, ఇండక్షన్ పొయ్యిలు వచ్చుచున్నవి గాని, పాత ఇండ్ల మార్పు ఖరీదైనది. 2026నుండి మిశ్రమ ఉష్ణపంపును తప్పనిసరి చేయవలెనన్న నియమమును 2024లో అధికారమునకు వచ్చిన సంకీర్ణ ప్రభుత్వము విరమించుకొన్నది. తోడకమును ఆపించిన పట్టుదల వాడకమును ఆపించుటలో ఇంకను కనబడవలసియున్నది.

పార్లమెంటు విచారణసంఘము 2023 ఫిబ్రవరి 24న సమర్పించిన నివేదికయందు, గ్రోనింగెన్ ప్రజల మేలును దశాబ్దములపాటు ఉపేక్షించిరనియు, దేశమునకు వారియెడ తీర్పవలసిన ఋణము కలదనియు నిర్ణయించినది. దానిననుసరించి ప్రభుత్వము ఏప్రిల్ 25న ముప్పది సంవత్సరముల కాలమునకు 22 బిలియన్ యూరోల పథకమును ప్రకటించినది. రాతిపొరలలో పీడనము సర్దుకొనువరకు, తోడకము ఆగినను చిన్నకంపములు కొన్నియేండ్లు రాకతప్పవు. ఇండ్లను దృఢపరచు కార్యక్రమమున చేరిన సుమారు 27,000 కట్టడములలో ఎన్నియో ఇంకను తమ వంతుకై ఎదురుచూచుచున్నవి.